చుక్కరాళ్ళను వెదకిన ఉపాధ్యాయుడు

వేసవి రాత్రులందు ఆరుబయట మంచము వేసికొని పండుకొన్నవారికి అప్పుడప్పుడు ఆకాశమున ఒక చుక్క సఱ్ఱున జాఱిపోవుట కానవచ్చును. "చుక్క తెగిపడినది" అని పెద్దలందురు. నిజమునకు తెగిపడినది చుక్క కాదు. చుక్కలు సూర్యునివలె వెలుగు మహాగోళములు; అవి మన నేలపై రాలునవి కావు. అట్లు వెలిగి మాయమగునది తఱచుగా ఇసుకరేణువంత చిన్న తునక. అది సెకనుకు 11 కిలోమీటర్లకు తగ్గని వేగముతో వచ్చి, మన వాయుమండలమున చొచ్చి, ఆ తాకిడికి కాగి, వెలిగి, నశించిపోవును. తునక పెద్దదైనచో పూర్తిగా నశింపక కొంత మిగిలి నేలను చేరును. అట్లు చేరినదానినే ఉల్కాశిల యందురు.

ఆకాశమునుండి రాళ్ళు పడునన్న మాటను ఐరోపాఖండపు విద్వాంసులు చాలకాలము నమ్మలేదు. పొలములలో పనిచేయువారు తాము కన్నులార చూచితిమని చెప్పినను, అది పామరుల భ్రమయని త్రోసిపుచ్చుచుండిరి. 1794లో క్లాడ్ని అను జర్మను శాస్త్రజ్ఞుడు ఇట్టి రాళ్ళు భూమికి వెలుపలినుండియే వచ్చుచున్నవని ఒక గ్రంథము వ్రాయగా పలువురు పరిహసించిరి. 1798లో మన కాశీనగర సమీపమున కొన్ని రాళ్ళు పడెను. వానిలో కొన్ని లండను నగరమునకు చేరెను. అచ్చట హోవర్డు అను రసాయనశాస్త్రజ్ఞుడు వానిని ఇతర దేశములలో పడిన రాళ్ళతో పోల్చి పరీక్షించి, వానియందలి ఇనుములో నికెలు అను లోహము కలిసియున్నదని 1802లో ప్రకటించెను. ఎక్కడెక్కడనో పడిన రాళ్ళు ఒకదానినొకటి పోలియుండుట విద్వాంసులను ఆలోచింపజేసెను. మఱుసటి సంవత్సరము ఏప్రిలు 26వ తేదీన ఫ్రాన్సు దేశములోని లెగ్ల్ అను ఊరి పరిసరములందు పట్టపగలు వేలకొలది రాళ్ళు కురిసెను. ప్రభుత్వము బియో అను యువశాస్త్రజ్ఞుని అచ్చటికి పంపెను. ఆయన ఊరూర తిరిగి, చూచినవారి మాటలు విని, రాళ్ళు పడిన తావులను గుర్తించి, వివరముగ నివేదిక వ్రాసెను. అంతటితో విద్వాంసుల సంశయము చాలవఱకు తీఱెను. పల్లెవారు చెప్పినదే నిజమయ్యెను.

సత్యము తెలిసినంతమాత్రమున పని ముగియలేదు. పడిన రాళ్ళను గుర్తించి తెచ్చువారెవరు? తెచ్చిన రాయి ఉల్కాశిలయో కాదో నిర్ణయించుట యెట్లు? దానికి విలువ కట్టుట యెట్లు? ఈ ప్రశ్నలకు తన జీవితమునే సమాధానముగా నిచ్చిన ఉపాధ్యాయుడొకడు అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున ఉండెను. ఆయన కథ చెప్పుటకు ముందు అదే రాష్ట్రమునకు చెందిన ఒక రైతుభార్య కథ చెప్పవలెను.

అది 1880వ దశకము. కాన్సాసులోని కయోవా ప్రాంతమున ఎలైజా కింబర్లీ అను గృహిణి భర్తతో కలిసి వ్యవసాయము చేసికొనుచుండెను. ఆ ప్రాంతమున గడ్డిభూములే కాని రాయి యన్నది అరుదు. అయినను వారి పొలములోను, ఇరుగుపొరుగు పొలములలోను అచ్చటచ్చట మిక్కిలి బరువైన నల్లరాళ్ళు నాగలికి తగులుచుండెను. గడ్డివాములు గాలికి లేచిపోకుండ వానిపై ఉంచుటకును, నీటిపీపాల మూతలపై బరువుగా పెట్టుటకును రైతులు వానిని వాడుకొనుచుండిరి. ఎలైజా చిన్నతనమున బడిలో చదువుకొనుచుండగా ఒక ఉల్కాశిలను చూచియుండెను. ఈ రాళ్ళును అట్టివే యని ఆమెకు తోచెను. ఆమె వానిని ఏఱి యింటికడ కుప్ప వేయసాగెను. పొరుగువారు నవ్విరి. భర్తకును నమ్మకము కుదురలేదు. ఆమె మాత్రము విద్వాంసులకు జాబుల వెంట జాబులు వ్రాసెను. ఐదు సంవత్సరములు గడచినవి. తుదకు 1890లో ఒక కళాశాలాధ్యాపకుడు వచ్చి, కుప్పను చూచి, అవి నిజముగ ఉల్కాశిలలే యని తేల్చి, కొన్నింటిని కొనుగోలు చేసెను. ఆ సొమ్ముతో వారి పొలముపై నున్న అప్పు తీఱెను. నవ్వినవారే తమ పొలములలో రాళ్ళు వెదకుకొనసాగిరి.

ఆ రాళ్ళు మిక్కిలి అరుదైన జాతికి చెందినవి. ఉల్కాశిలలు మూడు విధములు. కేవలము శిలామయములైనవి మొదటి రకము. చూచుచుండగా పడినవానిలో నూటికి తొంబదికి మించి ఇట్టివే. ఇనుమును నికెలును కలిసిన లోహపిండములు రెండవ రకము. శిలయు లోహమును సమముగా కలిసినవి మూడవ రకము. ఇవి నూటికి ఒకటి యుండుటయు కష్టమే. కింబర్లీ పొలములోని రాళ్ళు ఈ మూడవ రకమునకు చెందినవి. వానిని కోసి మెఱుగుపెట్టినచో, వెండివలె మెఱయు లోహపుటల్లికలో తేనెరంగు పలుకులు పొదిగినట్లు కనబడును.

ఇక ఆ ఉపాధ్యాయుని కథ. ఆయన పేరు హార్వీ నైనింజర్. 1887లో కాన్సాసులోని ఒక పేద రైతుకుటుంబమున జన్మించెను. కష్టపడి చదివి, మెక్‌ఫర్సన్ అను పట్టణములోని కళాశాలలో జీవశాస్త్రము బోధించు అధ్యాపకుడయ్యెను. 1923 నవంబరు 9వ తేదీ రాత్రి ఆయన తన మిత్రునితో వీథిలో మాటలాడుచు నిలిచియుండగా, ఆకాశమున ఒక పెద్ద అగ్నిగోళము వీథులన్నియు వెలుగునట్లు ప్రకాశించుచు పోయెను. అంతకు కొన్నినాళ్ళ ముందే ఆయన ఒక పత్రికలో ఉల్కాశిలలను గూర్చిన వ్యాసము చదివియుండెను. ఈ రాయి ఎచ్చట పడెనో కనుగొనవలెనని ఆయన నిశ్చయించుకొనెను.

ఆయన అవలంబించిన పద్ధతి బాలురకు కూడ బోధపడునట్టిది. అగ్నిగోళమును చూచినవారిని కలిసికొని, ఆ సమయమున వారు నిలిచియుండిన చోటనే మరల నిలువబెట్టును. అది ఏ చెట్టుమీదుగా పోయినది, ఏ యింటికప్పు అంచున మాయమైనది అని అడుగును. ఆ దిక్కును, ఎత్తును కొలిచి వ్రాసికొనును. దూరదూరములనున్న రెండు మూడు ఊళ్ళనుండి ఇట్లు కొలతలు తీసికొని పటముపై గీతలు గీచినచో, ఆ గీతలు కలియు చోటు గోళము నడచిన మార్గమును తెలుపును. పిదప ఆ ప్రాంతపు పత్రికలలో ప్రకటనలు వేయించి, రైతులను రాళ్ళు వెదకి తెమ్మని కోరెను. రాళ్ళు వచ్చినవి. విచిత్రమేమనగా, అవి ఆ రాత్రి చూచిన గోళమునకు చెందినవి కావు. ఎన్నడో పడి గుర్తింపబడక ఉండిపోయిన వేఱు ఉల్కాశిలలు! ఒక రాయిని వెదకగా మఱియొకటి దొరకినది. దీనినిబట్టి ఆయన ఒక నిర్ణయమునకు వచ్చెను: ఉల్కాశిలలు అరుదుగా కనబడుటకు కారణము అవి తక్కువగా ఉండుట కాదు, గుర్తించువారు తక్కువగా ఉండుట.

ఈ అభిప్రాయమును చెప్పి సహాయము కోరగా, ఒక పెద్ద వస్తుప్రదర్శనశాలలోని ప్రసిద్ధ విద్వాంసుడు పెదవి విఱిచెను. జీవితమంతయు వెదకినను ఒక్క ఉల్కాశిల దొరకిన దొరకవచ్చునని ఆయన యభిప్రాయము. నైనింజర్ వాదింపలేదు. సెలవు దొరకినప్పుడెల్ల పాత మోటారుబండి నెక్కి పల్లెలకు పోయెను. బడులలోను, సభలలోను ఉపన్యాసములిచ్చెను. నిజమైన ఉల్కాశిలలను రైతుల చేతికిచ్చి, వాని బరువును, పైపొరను వారే పరీక్షించునట్లు చేసెను. ఇట్టి రాయిని తెచ్చినవారికి వెల యిత్తునని ముందుగనే చెప్పెను. ఒక్కడు వేయి మైళ్ళు వెదకుటకంటె వేయిమంది తమ తమ పొలములను చూచుకొనుట మేలని ఆయన గ్రహించెను.

వచ్చిన రాళ్ళలో పెక్కు మామూలు రాళ్ళే. కొన్ని కొలిమిలోని చిట్టెపుముద్దలు. కొన్ని ఇనుపఖనిజపు గడ్డలు. వానినుండి అసలైనదానిని వేఱుపఱచుటకు శాస్త్రజ్ఞులు చూచు గుర్తులు కొన్ని కలవు. మొదటిది బరువు. ఉల్కాశిల సాధారణముగా అదే పరిమాణముగల మామూలు రాతికంటె బరువైనది. రెండవది పైపొర. క్రొత్తగా పడినదానిపై, రాయి గాలిలో కరగుటచే ఏర్పడిన పలుచని నల్లని పెచ్చుండును. లోపలిభాగమునకు ఆ వేడిమి చేరదు. మూడవది ఆకృతి. పిండిముద్దపై బొటనవ్రేలితో నొక్కినట్లు కొన్నింటిపై పల్లములు కానవచ్చును. చిట్టెములో నున్నట్లు గాలిబుడగల బొరియలు మాత్రము సామాన్యముగా ఉండవు. నాలుగవది లోహము. ఒక మూలను ఆకురాయితో రాచినచో తెల్లని లోహపుచుక్కలు మెఱయును. ఆ లోహములో నికెలు ఉన్నదో లేదో రసాయనపరీక్ష తేల్చును.

అయస్కాంతముతో పరీక్షించుట చాలకాలముగా వాడుకలో నున్నది. కాని అయస్కాంతమునకు అంటుకొను రాళ్ళు భూమిపైనను కలవు గనుక ఆ పరీక్ష ఒక్కటియే చాలదు. మఱియొక చిక్కును ఇటీవలి శాస్త్రజ్ఞులు గుర్తించిరి. కొన్ని ఉల్కాశిలలు కోట్ల సంవత్సరములనాటి అయస్కాంతశక్తి గుర్తులను తమలో నిలుపుకొనియుండును. బలమైన అయస్కాంతమును దగ్గఱకు చేర్చినంతమాత్రమున ఆ గుర్తులు చెఱిగిపోవును. పరీక్షించువాని తొందరపాటే పరీక్షింపవలసిన దానిని పాడుచేయునన్నమాట.

లోహపిండములకు మఱియొక అందమైన పరీక్ష కలదు. పిండమును కోసి, మెఱుగుపెట్టి, పలుచని ఆమ్లముతో తడిపినచో, చాపయల్లికవలె ఒకదానినొకటి ఖండించు గీతలు బయటపడును. 1808లో వియన్నా నగరమున విడ్మన్‌స్టాటెన్ అను నాతడు వీనిని గమనించుటచే ఆ గీతలకు ఆయన పేరే వచ్చినది. లోహము లక్షల సంవత్సరములపాటు మెల్లమెల్లగా చల్లాఱిననే కాని ఆ గీతలు ఏర్పడవు. కనుక ఏ కమ్మరియు తన కొలిమిలో వానిని కల్పింపజాలడు.

ఈ పరీక్షలన్నియు రాయి యేమిటో చెప్పును. అది ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పవు. నైనింజర్ గొప్పతనము ఇచ్చటనే కలదు. తన చేతికి వచ్చిన రాళ్ళపై రంగుతో చిన్న అంకె వ్రాయించును. అదే అంకెతో చిట్టాలో ఆ రాయి దొరకిన తావు, నాడు, బరువు మున్నగు వివరములను పొందుపఱచును. చూచుటకు అది గుమాస్తాపనివలె కనబడును. కాని ఆ అంకె లేనిచో ఎంత యపురూపమైన రాయియైనను తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డవంటిదే యగును. నేడు ఆయన వ్రాయించిన అంకెగల తునకకు, అంకె చెఱిగిన తునకకంటె సేకరించువారు ఎక్కువ విలువ నిచ్చుచున్నారు.

1930లో ఆయన కఠినమైన నిర్ణయము చేసెను. అమెరికాలో ఆర్థికమాంద్యము ప్రబలి, ఉన్న ఉద్యోగములే ఊడిపోవుచున్న కాలమది. భార్యయు పిల్లలును గల ఆ ఉపాధ్యాయుడు కళాశాలలోని కొలువు వదలి, డెన్వరు నగరమునకు తరలిపోయి, ఉల్కాశిలల సేకరణమునకే తన కాలమంతయు వినియోగించెను. అచ్చటి ప్రదర్శనశాలతో ఆయనకు సంబంధ మేర్పడినను, రాబడి నిలుకడలేనిదయ్యెను. పరిశోధన సాగవలెనన్నను, ఇల్లు గడవవలెనన్నను, ఎంతో శ్రమపడి సంపాదించిన రాళ్ళను కోసి, కొన్ని ముక్కలను అమ్మక తప్పలేదు. అమ్మినను ఒక నియమము పాటించెను: ముక్కతోపాటు దాని వృత్తాంతమును కూడ అందజేయుట.

1933లో ఆయన మరల కింబర్లీ పొలమునకు వచ్చెను. అచ్చట సుమారు 15 మీటర్ల వెడల్పుగల ఒక పల్లము ఉండెను. పూర్వము అడవిదున్నలు పొర్లాడిన గుంటయని చుట్టుపట్లవారు తలచుచుండిరి. ఏటేట నాగలి దున్నుటచే అది పూడిపోవుచుండెను. నైనింజర్ దానిని త్రవ్వించి చూడగా, త్రుప్పుపట్టిన ఉల్కాశిలాఖండములు పెక్కు బయటపడెను. అది ఆకాశమునుండి పడిన రాయి త్రవ్విన గుంటయే యని తేలినది. మఱికొన్ని సంవత్సరములు ఆలస్యమైనచో ఆ గుంట చదునైపోయి, ఆ సాక్ష్యము మాసిపోయెడిది.

1946లో ఆయన అరిజోనా రాష్ట్రమున, ప్రసిద్ధమైన పెద్ద ఉల్కాబిలమునకు సమీపమున, రహదారి ప్రక్కన సొంతముగా ఒక ప్రదర్శనశాల తెఱచెను. దారిని పోవువారిచ్చు ప్రవేశరుసుమే దానికి ఆధారము. 1953లో దానిని సెడోనా అను ఊరికి మార్చెను. ఆయనకు వార్ధక్యము వచ్చెను. తన తరువాత ఈ రాళ్ళు ఏమగును? విడివిడిగా అమ్మినచో ధనము రావచ్చును. కాని సేకరణ చెదిరిపోవును. 1958లో ఒక భాగమును లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు అమ్మెను. మిగిలిన భాగమును 1960లో అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయము కొనెను. ఆ రాళ్ళే పునాదిగా మఱుసటి సంవత్సరము అచ్చట ఉల్కాశిలల పరిశోధనకేంద్ర మొకటి వెలసెను. ఒక్క రాయి దొరకునో లేదో యనిపించుకొన్న మనుష్యుడు వందలకొలది తావుల రాళ్ళను విద్యార్థులకు అప్పగించి, 1986లో, తొంబదితొమ్మిది యేండ్ల వయసున కన్నుమూసెను.

రాళ్ళను ఇట్లు పదిలపఱచుటవలన ప్రయోజనమేమని ఎవరైన అడుగవచ్చును. దానికి మన దేశపు రాయి యొకటి సమాధానము చెప్పును. 1865 ఆగస్టు 25వ తేదీన బీహారులోని గయ ప్రాంతమున షెర్ఘాటీ అను ఊరికడ సుమారు ఐదు కిలోగ్రాముల రాయి పడెను. చూచినవారుండుటచే తేదీయు తావును వ్రాతలోనికెక్కెను. దాని తునకను 1872లో వియన్నాలో చెర్మాక్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి, అందు గాజువంటి వింత పదార్థ మొకటి కలదని తెలిపెను. ఆ రాయి ఎచ్చటినుండి వచ్చెనో ఆ కాలమున ఎవరికిని తెలియలేదు. అది బీరువాలో నూఱేండ్లకు పైగా వేచియుండెను. 1976లో వైకింగ్ నౌకలు కుజగ్రహముపై దిగి అచ్చటి గాలిని పరీక్షించెను. పిదప దక్షిణధ్రువఖండపు మంచుపై దొరకిన, షెర్ఘాటీ రాతిజాతికే చెందిన మఱియొక రాయిలో బందీయైయున్న వాయువులు కుజునిపై గాలితో సరిపోవుచున్నవని 1983లో వెల్లడియయ్యెను. అనగా, బీహారులో పడిన ఆ రాయి కుజగ్రహపు శకలము! నేడు ప్రపంచమంతట ఆ జాతిరాళ్ళను మన ఊరిపేరుతోనే షెర్గొట్టైట్లని పిలుచుచున్నారు. ఆనాడు ఎవరైన దానిని పగులగొట్టి పారవైచినను, తేదీ వ్రాయక మఱచినను, ఈ సత్యమునకు ఒక సాక్షి తగ్గియుండెడిది.

తెలుగునేలపైనను ఇట్టి అతిథులు దిగిరి. 1852లో నెల్లూరు ప్రాంతమునను, 1870లో అప్పటి విశాఖపట్టణ మండలములోని నెడగొల్ల యందును, 1997 డిసెంబరులో అప్పటి కృష్ణాజిల్లాలోని విస్సన్నపేటయందును ఉల్కాశిలలు పడెను. నెడగొల్లలో పడినది లోహపిండము. విస్సన్నపేట రాయి, వెస్టా అను చిన్నగ్రహమునుండి వచ్చినవని శాస్త్రజ్ఞులు భావించుచున్న జాతికి చెందినది. మన దేశమున ఇట్టి రాళ్ళను పరీక్షించి భద్రపఱచు బాధ్యతను 1851లో స్థాపింపబడిన భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ నిర్వహించుచున్నది.

కనుక ఎన్నడైన ఎవరి యెదుటనైన అట్టి రాయి పడినచో చేయవలసిన పని కొంచెమే. దానిని కడుగరాదు. సుత్తితో కొట్టరాదు. అయస్కాంతమును తాకింపరాదు. పడిన చోటు, నాడు, గడియ, చూచినవారి పేర్లు వెంటనే కాగితముపై వ్రాసి, పెద్దల ద్వారా ప్రభుత్వమునకు తెలియజేయవలెను. బంగారమునకు గీటురాయి చాలును. చుక్కరాతికి దానితోపాటు సత్యముగా వ్రాసిన నాలుగు పంక్తులు కూడ కావలెను. వానిని ఎలైజా వంటి గృహిణి వ్రాయగలదు, బడిపిల్లవాడును వ్రాయగలడు.